తెల్లకార్లు రాయని నోటుపుస్తకం

అప్పాజీ చేతులు రెండూ మోచేతుల దాకా తెల్లటి గుజ్జులో ఉన్నాయి. బక్కెట్లో నానిన గరుకు నీళ్ళ పేపరును చిన్న చెక్కముక్కకు చుట్టి, కారు ఎడమవైపు వెనక తలుపు మీద పుట్టీని అడ్డంగా పదిసార్లు, ఏటవాలుగా పదిసార్లు రుద్దుతున్నాడు. అరిగిన పుట్టీ పాలలాగా కారి షెడ్డు గచ్చు మీద మడుగు కడుతోంది. ఇరవై రుద్దుళ్ళకోసారి ఆగి, తడిబట్టతో తుడిచి, కళ్ళు మూసుకుని అరచెయ్యి ఆనించి చూస్తున్నాడు. ఎత్తుపల్లాలు కంటికన్నా ముందు చేతికి తెలుస్తాయని భీమవరంలో అతని మేస్త్రి లాజరు చెప్పాడు. కళ్ళు మూసుకోవడానికి ఈసారి ఇంకో కారణం కూడా ఉంది. ఈ కారుకు ఈ గతి పట్టింది అతని కళ్ళ వల్లేనని ఊరంతా అంటోంది.

ఊరంతా అంటే, ముందుగా అతని భార్య అమ్మణ్ణి.

"అలా మూసుకునే చేసుకోండి," అంది టీ గ్లాసు స్టూలు మీద పెడుతూ. "తెరిచారంటే మిగతా మూడు తలుపులూ కూడా పోతాయి."

అప్పాజీ మళ్ళీ రుద్దడం మొదలుపెట్టాడు. తలుపు మీద జానెడు పొడవున పడిన గీత అతను గీసింది కాదు. కానీ అతను ఆ రోజు ఆ చోట నిలబడకపోతే ఆ గీత ఉండేది కాదు. శనివారం పొద్దున కారు వాళ్ళు వస్తారు. ఈరోజు మంగళవారం.

అప్పాజీకి యాభై రెండేళ్ళు. రాజమండ్రిలో మోరంపూడి దాటాక హైవే పక్కన రేకుల షెడ్డులో కార్లకు సొట్టలు తీసి రంగులు వేస్తాడు. అది పని. సరదా వేరే ఉంది. దారిన పోయే కార్లను చూసి నోటుపుస్తకంలో రాసుకోవడం. సరదా వయసు పని వయసుకన్నా ఆరేళ్ళు ఎక్కువ.

అతని తండ్రి ధవళేశ్వరం దిగువన కాలవ లాకుల దగ్గర లస్కరు. లాకు తలుపులు ఎత్తడం, దించడం ఆయన ఉద్యోగం. లాకు మీద ఒక్క బండే పట్టే వంతెన ఉండేది. అవతల నుంచి గడ్డిబండి వస్తుంటే ఇవతల ఎంతటి కామందు కారైనా ఆగాల్సిందే. పదేళ్ళ అప్పాజీకి అదే అవకాశం. ఆగిన కారు చుట్టూ ఒక చుట్టు తిరిగి, వెనక చక్రం దగ్గర గొంతుక్కూర్చుని, లెక్కల నోటుపుస్తకం వెనక పేజీల్లో రాసుకునేవాడు. తేదీ, నంబరు, రకం, రంగు, లోపల ఎవరున్నారు. రైసుమిల్లు వాళ్ళ అంబాసిడర్, డాక్టరు గారి ఫియట్, ఎన్నికలొస్తే జీపులు. వారానికి నాలుగు కార్లు వస్తే ఆ వారం పండగ. అదే కారు మళ్ళీ వచ్చినా మళ్ళీ రాసేవాడు. మొదటి పుస్తకంలో డాక్టరు గారి ఫియట్ నూట పన్నెండుసార్లు ఉంది. దాన్నిబట్టి ఆ ఏడు లంకల్లో జ్వరాలు ఎక్కువని తేలుతుంది తప్ప ఇంకేమీ తేలదు.

రంగుల పేర్లు అతనివే. మెరూన్ అనే మాట తెలీదు కాబట్టి "నిలవ ఆవకాయ" అని రాశాడు. లేత ఊదా "తెల్ల వంకాయ మొదలు". ఒక అంబాసిడర్ రంగు "కాలవ కట్టేసిన నెలలో మిగిలిన నీళ్ళు". పెద్దయ్యాక చదువుకుంటే, తను కార్లు చూశాడో, వంటిల్లు చూశాడో అతనికే అనుమానం వచ్చింది.

పదహారో ఏట లాజరు మేస్త్రి దగ్గర చేరాడు. ఆయన నేర్పింది తక్కువ, తిట్టింది ఎక్కువ. మిగతాది అప్పాజీ చూసి పట్టుకున్నాడు. అక్కడి నుంచి సరదా దారి మళ్ళింది. కారును కారుగా చూడడం పోయింది. ఏ తలుపు మళ్ళీ రంగేశారు, ఏ బంపరు కింద పుట్టీ దాక్కుంది, కిటికీ రబ్బరు మీద ఎవరి చెయ్యి జారి రంగు పడింది, అవే కనపడేవి. ఇప్పుడు నోటుపుస్తకాల్లో నంబరు పక్కన "కుడి మడ్‌గార్డు, లాజరు గారి చెయ్యి", "డిక్కీ, ఎవరో దరిద్రుడు" అని ఉండేది. ఆ దరిద్రుడు తనేనని రెండుసార్లు తరవాత తెలిసింది.

పెళ్ళయి అమ్మణ్ణిని తీసుకొస్తున్నప్పుడు పూలదండల కారులో ఇద్దరూ పక్కపక్కన కూర్చున్నారు. ఆమెతో అతను ఆడిన మొదటి మాట: "ఈ తలుపు భీమవరంలో వేసిన రంగు." ఆమె తల దించుకుని నవ్వింది. సిగ్గుపడుతోందనుకున్నాడు. పాతికేళ్ళుగా ప్రతి పెళ్ళిలోనూ, ప్రతి పేరంటంలోనూ ఆమె ఆ మాట చెప్పి అందర్నీ నవ్విస్తూనే ఉంది.

తరవాత కార్లు ఎక్కువయ్యాయి. రాసే చెయ్యికన్నా పోయే కారు వేగం పెరిగింది. నంబరు చూసి మన జిల్లాదా, గోదావరి అవతలిదా చెప్పేవాడు. అయిదు అంటే తూర్పు, ముప్పై ఏడు అంటే పశ్చిమం. అతని మొత్తం విద్వత్తులో నలుగురు మెచ్చింది ఈ ఒక్కటే. తరవాత రాష్ట్రమంతటికీ ఒకే ముప్పై తొమ్మిది పెట్టారు. ఒక్క రోజులో ఆ విద్య కూడా పోయింది. కారు ఏ ఊరిదో తెలియాలంటే ఆపి అడగాలి. అడిగాడు కూడా. ఒకాయన పోలీసులకు ఫోన్ చేయబోయాడు.

డిగ్రీ చదివే కూతురు తేజస్వి అతని చేతిలో ఫోను పెట్టి, ఇన్‌స్టాలో కార్ల ఫొటోలకని ఒక పేజీ తెరిచి ఇచ్చింది. నలభై మూడుమంది చేరారు. అందులో ఒకటి పళ్ళ డాక్టరు క్లినిక్కు. అసలు పదేళ్ళ కిందటే రోడ్డంతా తెల్లబడిపోయింది. పదికి ఏడు కార్లు తెలుపే. ఎరుపుకు నలభై పేర్లు పెట్టిన మనిషికి ఒళ్ళు మండింది. పదిహేడో నోటుపుస్తకం మొదటి పేజీలోనే "తెల్లకార్లు రాయక్కర్లేదు" అని రాసి, కింద రెండు గీతలు గీశాడు. ఆ గీతలు ఎంత గర్వంగా గీశాడో కాగితం చిరిగిన చోట చూస్తే తెలుస్తుంది.

రోడ్డు మీద కార్లు ఆగడం లేదు. లాకు వంతెన పక్కన వెడల్పాటి కొత్త వంతెన వచ్చింది. ఆగిన కార్లు, అందులోనూ కొత్తవి ఎక్కడ దొరుకుతాయా అని ఆలోచించి, అప్పాజీ ఒక చోటు కనిపెట్టాడు. కోరుకొండలో కొండ కింద వాహనపూజ జరిగే చోటు. కొత్త కారు కొన్నవాళ్ళు నరసింహస్వామికి దణ్ణం పెట్టుకుని వచ్చి, బండికి బంతిపూల దండ వేసి, బానెట్టు మీద పసుపు కుంకుమ పెట్టించి, నాలుగు చక్రాల కిందా నాలుగు నిమ్మకాయలు పెట్టి తొక్కిస్తారు. ఆ పావుగంటా కారు కదలదు. ప్రతి ఆదివారం అప్పాజీ ఫోను పట్టుకుని అక్కడ ప్రత్యక్షం. అమ్మణ్ణి ఇంటి దగ్గర అడిగినవాళ్ళకు "గుడికెళ్ళారు" అని చెప్పేది. అబద్ధం కాదు కూడాను.

మొన్న ఆదివారం తుని నుంచి చంద్రరావు వచ్చాడు. బెల్లం, జీడిపప్పు టోకు వ్యాపారి. అరవై దాటిన మనిషి. పక్కన భార్య అచ్చాయమ్మ. పెద్ద కారు, ముత్యంలాంటి తెలుపు. తెల్లదే అయినా కొత్త రకం కాబట్టి నియమం పక్కనబెట్టి, అప్పాజీ సరిగ్గా కారు ముందు, కొబ్బరికాయల కొట్టుకు ఇవతల మోకాళ్ళ మీద కూర్చుని ఫోను ఎత్తాడు. ముప్పై ఏళ్ళు గేర్లు మార్చిన చంద్రరావుకు గేర్లు లేని కారు కొత్త. నిమ్మకాయ అడ్డం కదా అని యాక్సిలరేటరు గట్టిగా తొక్కాడు. కారు నిమ్మకాయల్ని, వాటితోపాటు రెండు గజాల నేలనూ ఒక్క ఊపులో దాటింది. ఎదురుగా మోకాళ్ళ మీద ఎవరో మనిషి. చంద్రరావు స్టీరింగు కుడికి తిప్పి, వెంటనే భయపడి ఎడమకు తిప్పాడు. ముందు తలుపు తప్పించుకుంది. వెనక తలుపు కొబ్బరికాయల కొట్టు ముందు పాతిన ఇనప గుంజను జానెడు మేర గీసుకుంటూ ఆగింది.

అచ్చాయమ్మ దిగి తలుపు చూసి, నోట్లో కొంగు కుక్కుకుంది. అప్పుడు అప్పాజీ నోరు మూసుకుని ఉంటే సరిపోయేది. ఆవిణ్ణి ఓదార్చబోయాడు.

"భయపడకండమ్మా, ఇది చిన్న దెబ్బేనండి. నేను నలభై ఏళ్ళ బట్టీ కొత్త కార్లు చూస్తున్నానండి. పదిహేడు పుస్తకాలు రాశానండి. కారు కనపడిందంటే కళ్ళు తిప్పుకోలేనండి నేను."

అచ్చాయమ్మ కొంగు తీసింది.

"విన్నారా? నలభై ఏళ్ళ బట్టీ చూస్తున్నాట్ట! అదీ సంగతి. దండ వేస్తున్నప్పట్నుంచీ చూస్తున్నాను, రెప్ప వెయ్యలేదండీ ఈ మనిషి!"

పూజ కోసం వరసలో ఉన్న ఒకాయన తన కారు మీద గబగబా దుప్పటి కప్పేశాడు.

చంద్రరావు మంచివాడే. కానీ భార్య మాట మీద కారు నడిచే ఇల్లు. అప్పాజీ రంగుల మేస్త్రి అని తెలిసి పక్కకు పిలిచాడు.

"చూడు అప్పాజీ, దిష్టీ గిష్టీ నాకు పట్టింపు లేదు. తొక్కింది నేను, కాదన్ను. కానీ మా ఆవిడ ఈ మచ్చ ఉన్న కారు ఎక్కదు. బండి నీ షెడ్డులో పెడతాను. శనివారం వస్తాం. మచ్చ ఎక్కడుందో మా ఆవిడ వేలు పెట్టి చూపించిందనుకో, కారు అమ్మేసుకోవాలి. కొత్త కారు ఎందుకమ్మేస్తున్నారండీ అని జనం అడుగుతారు. ఉన్నది ఉన్నట్టు చెప్తాను. కోరుకొండలో అప్పాజీ అని ఒకడు చూశాడండి, అని."

"ఆయ్," అన్నాడు అప్పాజీ. ఇంకేం అంటాడు? ఆ మాట తుని నుంచి భీమవరం దాకా పాకితే, కొత్త కారన్నది అతని షెడ్డు ముందు నుంచి కూడా పోదు. సరదా పోతే పోయింది. పని కూడా పోతుంది.

ముప్పై ఏళ్ళుగా అతను గమనించని సంగతి ఒకటి నీళ్ళ పేపరు రుద్దుతుంటే తట్టింది. కనిపెట్టడం అతని సరదా, కనిపెట్టడానికి వీల్లేకుండా చెయ్యడం అతని పని. రెండూ ఒకే బుర్రలో ఇన్నేళ్ళూ ఒకదాన్నొకటి పలకరించుకోకుండా కాపురం చేశాయి.

మంగళవారం సాయంత్రానికి తలుపు చేతికి నున్నగా వచ్చింది. బుధవారం ప్రైమరు కొట్టి, ఆరాక మళ్ళీ రుద్దాడు. రంగు దగ్గరకొచ్చేసరికి కథ అడ్డం తిరిగింది. షాపువాళ్ళు కారు రంగు కోడు చూసి కంప్యూటర్లో కలిపిచ్చిన డబ్బాలే. ముందు తెలుపు, దాని మీద ముత్యపు పూత, పైన మెరుపు పూత. తలుపు మీద కొట్టేముందు ఒక రేకుముక్క మీద కొట్టి, ఎండలోకి తీసుకెళ్ళి కారు పక్కన పెట్టాడు. రేకు నీలంగా కనపడింది. మందం మార్చి ఇంకో రేకు కొట్టాడు. అది పాలు విరిగినట్టుంది. మూడోది ఆసుపత్రి గోడ.

తన నోటుపుస్తకాల్లో ఎక్కడైనా ఈ తెలుపు సంగతి రాశానేమోనని పదిహేడూ దింపాడు. తేజస్వి కూడా కూర్చుని తిప్పింది.

"నాన్నా, ఎరుపుకి నలభై, పచ్చకి ముప్పై ఒకటి. తెలుపుకి ఒక్క పేరు కూడా లేదేంటి? పాత పుస్తకాల్లో ఉత్త తెలుపు అని ఉంది, ఈ పదిహేడో దాంట్లో అదీ లేదు."

"తెల్లకార్లు రాయక్కర్లేదన్నాను కదమ్మా."

"ఎవరికి చెప్పావు?"

"నాకే."

"విన్నావన్నమాట. నువ్వు మాట వినడం ఇదే మొదలు," అంది కూతురు. గుమ్మంలోంచి అమ్మణ్ణి నవ్వు వినిపించింది.

గురువారం పది గంటల ఎండలో అప్పాజీ ఆ మూడు రేకుముక్కలూ సంచిలో వేసుకుని, హైవే పక్కన పెళ్ళి జరుగుతున్న ఒక ఫంక్షను హాలు దగ్గరికి వెళ్ళాడు. వరసగా నలభై కార్లు. ముప్పైదాకా తెల్లవే. నలభై ఏళ్ళ తరవాత మళ్ళీ వెనక చక్రం దగ్గర గొంతుక్కూర్చున్నాడు. మోకాళ్ళు మాత్రం అప్పటిలా ఒప్పుకోలేదు. ఒక్కో కారు పక్కన రేకులు పెట్టి చూస్తూ, పదిహేడో పుస్తకంలో రాయడం మొదలుపెట్టాడు. కొత్త సున్నం. కొబ్బరి ముక్క. పాత మల్లెపువ్వు. గంజి. ఉడికించిన రొయ్య పొట్ట. బడిలో సుద్దముక్క. ఒక్కటి ఇంకోదానిలా లేదు. పదేళ్ళు వీటన్నిటినీ ఒకే గాటన కట్టేసి, పైగా గీతలు గీసి మరీ వదిలేశాడు.

ఒక డ్రైవరు వచ్చి నెత్తి మీద నిలబడ్డాడు.

"ఏంటి బాబూ, కార్ల చుట్టూ తిరుగుతున్నావు?"

"తెలుపు చూస్తున్నానండి."

"తెలుపులో చూడ్డానికేముంటదండి?"

"పదేళ్ళు నేనూ అలాగే అనుకున్నానండి."

డ్రైవరు అతన్ని ఎగాదిగా చూసి, ఎండదెబ్బ అనుకున్నట్టున్నాడు, గేటు దగ్గర తాటిముంజెలు అమ్మే ఆమెను పిలిచి ఒక ముంజె ఇప్పించాడు. అప్పాజీ నీడకు వచ్చి పైపొర ఒలిచి, తినబోతూ ఆగాడు. ముంజె తెలుపు పైన లేదు. పైన నీళ్ళలాంటి పలచన, దాని వెనక ఎక్కడో లోపల తెలుపు ఉంది. వెలుగు లోపలికి పోయి, అక్కడ తగిలి తిరిగొస్తోంది. చంద్రరావు కారు కూడా అంతే కదా అనుకున్నాడు. తను ముత్యపు పూతను మామూలు రంగులాగా రెండు దఫాల్లో దట్టంగా పట్టించేస్తున్నాడు. లోపలి తెలుపు దాకా వెలుగును పోనివ్వడం లేదు. ముంజె నోట్లో వేసుకుని, పేరు రాసుకుని, డ్రైవరుకు దణ్ణం పెట్టి వచ్చేశాడు. పెళ్ళివాళ్ళెవరో అతనికి ఇప్పటికీ తెలీదు.

సాయంత్రం నాలుగు పలచటి దఫాలుగా, ప్రతి దఫాకూ ఆరనిచ్చి, కొత్త రేకు కొట్టాడు. కారు పక్కన పెట్టి పది అడుగులు వెనక్కి నడిచాడు. రేకు ఎక్కడ పెట్టాడో వెతుక్కోవాల్సి వచ్చింది. వెతుక్కోవాల్సి వచ్చినందుకు అంత సంతోషించడం అతని జీవితంలో మొదటిసారి.

శుక్రవారం పొద్దున్నే, ఉక్క మొదలవకముందే, దుమ్ము లేవకుండా గచ్చంతా నీళ్ళు చల్లాడు. అద్దాలకు, చక్రాలకు పాత పేపర్లు అంటించాడు. తలుపు మీద తెలుపు, దాని మీద ముంజెలా నాలుగు పలచటి పూతలు. అతుకు తెలియకుండా చివర్లను పక్క తలుపు మీదకు పొగలాగా వదిలాడు. పైన మెరుపు పూత రెండు తలుపులకూ నిండుగా పట్టించాడు. మధ్యలో ఒక దోమ వచ్చింది. అది తలుపు మీద వాలేలోపు అమ్మణ్ణి చీరకొంగుతో తరిమేసింది. "నా పెళ్ళినాటి కారుకి కూడా ఇంత చెయ్యలేదెవరూ," అంది. సాయంత్రం నీళ్ళ పేపరులో అన్నిటికన్నా మెత్తటిది తీసుకుని పైపైన రుద్ది, పాలిష్ పెట్టాడు. బానెట్టు మీద పూజనాటి కుంకుమ తెలుపులో దిగి, గులాబీ మరకలా ఉంది. అది పాలిష్‌తో పోతుంది. కానీ ముట్టుకోలేదు.

శనివారం తొమ్మిదింటికి చంద్రరావు దంపతులు వచ్చారు. అచ్చాయమ్మ కళ్ళజోడు తుడుచుకుని కారు చుట్టూ ఒక ప్రదక్షిణం చేసింది. రెండోసారి కళ్ళజోడు తీసేసి, కళ్ళు మూసుకుని, బియ్యంలో రాళ్ళు వెతికినట్టు అరచెయ్యి ఆనిస్తూ తిరిగింది. ఆ చెయ్యి వెనక తలుపు మీదకు వచ్చింది. చెయ్యి ఆగలేదు. దాటి వెళ్ళిపోయింది. బానెట్టు దగ్గరకొచ్చి కళ్ళు తెరిచిన ఆవిడ గట్టిగా అరిచింది.

"ఇదిగో మచ్చ! దొరికింది!"

"అది మీరు పెట్టిన బొట్టండమ్మా," అన్నాడు అప్పాజీ. "పూజ రోజుది. తుడిస్తే పోతుందండి. కానీ దేవుడి దగ్గర పెట్టించుకున్నది, మిమ్మల్ని అడక్కుండా నేను తియ్యకూడదని వదిలేశానండి."

అచ్చాయమ్మ బొట్టు వంక చూసింది, అప్పాజీ వంక చూసింది. మొగుడి వంక తిరిగి, "దెబ్బ ఏ తలుపుకండీ తగిలింది?" అంది.

"నాకూ గుర్తు లేదే," అన్నాడు చంద్రరావు. అబద్ధం చెప్పేటప్పుడు ఆయన మీసం కదులుతుంది. అప్పుడు కదిలింది.

"సరేలే, దొరకలేదు. ఒప్పుకున్నాను. కానీ నాయనా, ఇంత చక్కగా ఉంటే మళ్ళీ ఎవడి కళ్ళో పడతాయి. ఒక దిష్టిచుక్క పెట్టు. నువ్వే పెట్టాలి. నీ కళ్ళకి నీ చెయ్యే విరుగుడు."

"కింద, బంపరు లోపల పెడతానండమ్మా. ఎవరికీ కనపడదు."

"కనపడకపోతే దిష్టిచుక్క ఎందుకయ్యా? ఇక్కడ పెట్టు, నేను ఎక్కే తలుపు మీద." ఆవిడ వేలు ఎడమవైపు వెనక తలుపు మీద, సరిగ్గా అతను నాలుగు రోజులు రుద్దిన చోట ఆనింది.

అమ్మణ్ణి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని లోపలికి పోయింది. అప్పాజీ అతి సన్నటి కుంచె తీసుకున్నాడు. నల్ల ఎనామిల్ డబ్బా మూత తీశాడు. ఊపిరి బిగబట్టి మిరియపు గింజంత చుక్క పెట్టాడు. కంపాసుతో గీసినట్టు గుండ్రంగా వచ్చింది.

అచ్చాయమ్మ వంగి చూసి తల అడ్డంగా ఊపింది. "మరీ ఇంత అందంగానా? దీనికే తగుల్తుంది దిష్టి. కాస్త వంకర చెయ్యి."

ముప్పై ఆరేళ్ళ పనిలో ఎవరూ అతన్ని ఇలాంటిది అడగలేదు. అప్పాజీ బొటనవేలితో చుక్కను పక్కకు అలికాడు. అది ఇప్పుడు చీమను నలిపినట్టుంది. అచ్చాయమ్మ తృప్తిగా తలుపు తీసి, ఎక్కి కూర్చుంది.

"ఇక తాళం ఇచ్చెయ్యి. మేం వెళ్ళేటప్పుడు మాత్రం అటు తిరుగు నాయనా, ఏమనుకోకు."

"ఆయ్," అన్నాడు అప్పాజీ. ముఖం షెడ్డు గోడవైపు తిప్పుకుని, తాళం పట్టుకున్న చెయ్యి వెనక్కి చాచాడు. చంద్రరావు తాళం తీసుకుని, వదిలేముందు ఆ చేతిని ఒకసారి గట్టిగా నొక్కాడు.